లినక్స్‌కు మారిన మిత్రులు తమ కాళ్ళ మీద తాము నిలబడాలంటే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించే సాధారణ మద్దతు ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు భద్రతా సవరణలు మరో ఏడాది అందుతాయి, అంతే. పోనీ విండోస్ 11కు మారదామంటే అది కొన్ని షరతులు పెడుతుంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆమోదించిన జాబితాలో ఉన్న ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. స్థూలంగా 2017-18కి ముందు తయారైన లాప్‌టాప్‌లు చాలావరకు ఈ గీత దాటలేవు. తెర, కీబోర్డు, ప్రాసెసర్ అన్నీ బాగున్నా యంత్రం మూలన పడుతుంది.

ఇలాంటి యంత్రాలకు లినక్స్ మరికొన్నేళ్ళ ఆయుష్షు ఇవ్వగలదు. కాబట్టి మీకు లినక్స్ తెలుసని ఒకరికి తెలిస్తే చాలు, నలుగురు అడుగుతారు. ఒక ఆదివారం కూర్చుని ఎక్కించి ఇస్తారు. ఆ తరువాతే అసలు కథ మొదలవుతుంది. "అరేయ్, ప్రింటర్ రావట్లేదురా", "ఇదేదో పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏం కొట్టాలి?", "నువ్వు పెట్టిందాంట్లో నా ఫైళ్ళు ఎక్కడున్నాయి?" ఫోన్లు ఆగవు. మూడు నెలలకు మీకు విసుగు, అడగడానికి వారికి మొహమాటం. చివరకు ఆ యంత్రంలోకి దొంగ విండోస్ ఒకటి వచ్చి చేరుతుంది.

ఈ పరిస్థితికి లినక్స్ కష్టంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. మార్పు ఎవరి చేతుల మీదుగా జరిగింది, దేనితో మొదలైంది, సాయం ఏ పద్ధతిలో అందింది అనేవి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా పనుల జాబితా

లినక్స్ అనేది నిజానికి ఆపరేటింగ్ సిస్టం లోపలి గుండెకాయ, అంటే కెర్నెల్. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని మొదలుపెట్టారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాధనాలు, తెర మీద కనబడే కిటికీలు, మెనూలు, అనువర్తనాలు దీనికి జతచేసి ఒక మూటగా అందించేదే 'డిస్ట్రిబ్యూషన్'. ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అలాంటివే. మన సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ కూడా డెబియన్ ఆధారంగా వచ్చినదే.

విండోస్ కోసం తయారైన ప్రోగ్రాములు వీటిలో నేరుగా నడవవు. అందుకే పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకునే ముందు కాగితం, కలం తీసుకోండి. మీ మిత్రుడు గత నెల రోజుల్లో ఆ కంప్యూటర్ మీద ఏమేం చేశాడో రాయించండి. "ఇంటర్నెట్, కొంచెం ఆఫీసు పని" అనే జవాబు చాలదు. ఏ సైటు, ఏ ప్రోగ్రాము, ఏ ప్రింటర్, ఏ ఫైలు అని వివరంగా రావాలి.

జాబితాలోని పనులు మూడు రకాలుగా తేలతాయి. బ్రౌజర్‌లో జరిగే పనులు మొదటి రకం. మెయిల్, వీడియోలు, ఆన్‌లైన్ తరగతులు, దరఖాస్తులు ఇందులోకి వస్తాయి. ఇవి దాదాపు యథాతథంగా సాగుతాయి. సాఫ్ట్‌వేర్ మారినా పని ఆగనివి రెండో రకం. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్, పాటలకూ సినిమాలకూ వీఎల్‌సీ సరిపోతాయి. ప్రత్యామ్నాయం లేనివీ, ఉన్నా సరిపోనివీ మూడో రకం. ఈ మూడో రకంలోనే మీ భవిష్యత్తు ఫోన్లన్నీ దాగి ఉంటాయి.

తెలుగు నాట ఈ మూడో రకానికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. దుకాణం లెక్కలు ట్యాలీలో ఉన్నవారు, ఆటోక్యాడ్‌తో ప్లాన్లు గీసేవారు, పన్ను రిటర్నుల కోసం డిజిటల్ సంతకపు టోకెన్ వాడేవారు, పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌తో ఇంటి నుంచి పరీక్ష రాయాల్సిన విద్యార్థులు ఇందులోకి వస్తారు. డీటీపీ చేసేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ళు యూనికోడ్‌లో ఉండవు. వాటిలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేత స్థానాల్లో కూర్చారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనబడుతుంది. ఇరవై ఏళ్ళ పెళ్ళి శుభలేఖలూ కరపత్రాలూ అలా దాచుకున్న వ్యక్తిని లినక్స్‌కు మార్చడం సాయం కాదు.

మూడో రకం పని జీవనాధారమైతే మార్చవద్దు. అప్పుడప్పుడూ వచ్చేదైతే విండోస్‌ను పక్కన ఉంచి రెండూ వాడుకోవచ్చు, లేదా ఆ ఒక్క పనికి వేరే యంత్రం చూసుకోవచ్చు. "వద్దు" అని చెప్పగలగడమే మొదటి సాయం.

యంత్రాన్ని ముందే అడగండి

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, ఎక్కించకుండానే నడిపి చూడటం. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా మొదలయ్యే ఈ 'లైవ్' పద్ధతిలో వ్యవస్థ ర్యామ్‌లోకి వచ్చి పనిచేస్తుంది. మీరు కోరితే తప్ప హార్డ్‌డిస్క్ జోలికి పోదు. దించుకున్న ఫైలు సరిగా వచ్చిందో లేదో ముందు సరిచూడాలి. పంపిణీదారులు ప్రకటించే ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల వేలిముద్రతో మీ ఫైలు వేలిముద్ర కలవాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది.

లైవ్‌లో ఒక గంట గడపండి. వైఫై కలుస్తోందా? మాట వినబడుతోందా, మైకు, కెమెరా పనిచేస్తున్నాయా? మూత వేసి తీస్తే మేల్కొంటోందా? ఇంట్లో ఉన్న ప్రింటర్‌తోనే ఒక కాగితం వస్తోందా? ప్రొజెక్టర్‌కో టీవీకో కలిపితే బొమ్మ పడుతోందా?

వైఫై ప్రశ్నను ఇంకాస్త లోతుగా చూడాలి. కొన్ని పరికరాల డ్రైవర్లు కెర్నెల్‌లోనే భాగం. కెర్నెల్ నవీకరణ జరిగిన ప్రతిసారీ అవీ దానితోపాటే వస్తాయి. మరికొన్ని బయటి నుంచి చేర్చాల్సినవి. కెర్నెల్ మారినప్పుడల్లా వాటిని కొత్తదానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేయాలి. ఆ పని సాధారణంగా దానంతటదే జరిగిపోతుంది కానీ, ఎప్పుడైనా విఫలమైతే నిన్నటి దాకా ఉన్న వైఫై ఈరోజు ఉండదు. నెట్ లేక మిత్రుడు సమాధానం కూడా వెతుక్కోలేడు. లైవ్‌లో వైఫై దానంతటదే కలిసిందంటే మంచి సూచన. బయటి డ్రైవర్ కావాలంటే, లినక్స్‌తో నేరుగా పనిచేసే చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం ఒకటి కొనిపించడం ముందుముందు ఎన్నో ఫోన్లను తప్పిస్తుంది.

మీకు నచ్చినది కాదు, వారికి నిలిచేది

లినక్స్ ప్రియులకు కొత్త డిస్ట్రిబ్యూషన్లంటే సరదా. ఆ సరదా మిత్రుడి యంత్రం మీద తీర్చుకోకూడదు. ఇక్కడ ఎంపికకు మూడు కొలబద్దలు చాలు.

మొదటిది దీర్ఘకాల మద్దతు. ఉబుంటు రెండేళ్ళకోసారి, సరి సంఖ్య సంవత్సరాల్లో, ఏప్రిల్‌లో ఇచ్చే దీర్ఘకాల విడుదలకు 5 ఏళ్ళు ఉచిత భద్రతా సవరణలు వస్తాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 మీద ఆధారపడ్డ మింట్ 22కు 2029 వరకు మద్దతు ఉంది. అన్నేళ్ళపాటు మెనూలు, బొత్తాలు పెద్దగా మారవు. రెండోది జనాదరణ. ఎక్కువమంది వాడేదాని గురించి ఎక్కువ సమాధానాలు దొరుకుతాయి, అంటే మీరు కాక వేరే చోట్ల కూడా దొరుకుతాయి. మూడోది అలవాటుకు దగ్గరగా ఉండటం. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటే విండోస్ నుంచి వచ్చినవారికి చేయి దానంతటదే కదులుతుంది. ఒకే ఊళ్ళోనో ఒకే కళాశాలలోనో నలుగురిని మారుస్తుంటే నలుగురికీ ఒకటే ఇవ్వండి. అప్పుడు వారు ఒకరినొకరు అడుగుతారు.

ఎక్కించే రోజు కీబోర్డు ఎవరి దగ్గర ఉండాలి?

యజమాని దగ్గరే. మీరు పక్కన కుర్చీలో కూర్చోండి. మీ చేతికైతే అరగంట పని, వారి చేతికి రెండు గంటలు. ఆ గంటన్నర తరువాతి ఏడాదికి పెట్టుబడి.

మొదట బ్యాకప్. ఫోటోలు, పత్రాలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు వేరే డిస్క్‌లోకి వెళ్ళాలి. వెళ్ళిన ఫైళ్ళలో కొన్నిటిని మరో యంత్రంలో తెరిచి చూసేవరకు బ్యాకప్ జరిగినట్టు కాదు. విండోస్‌ను ఉంచుకుంటున్నట్లయితే బిట్‌లాకర్ ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల పునరుద్ధరణ తాళాన్ని ముందే రాసిపెట్టుకోవాలి. డిస్క్ విభాగాలనూ బూట్ అమరికలనూ కదిలించాక విండోస్ దాన్ని అడిగితే, అది లేనివారి ఫైళ్ళు తిరిగి రావు. విండోస్‌లోని 'ఫాస్ట్ స్టార్టప్' ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు దాని డిస్క్ విభాగంలో రాయడానికి లినక్స్ ఒప్పుకోదు.

రెండూ ఉన్న యంత్రాల్లో కనబడే మరో వింత, విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్ళడం. లినక్స్ సాధారణంగా యంత్రపు లోపలి గడియారంలో అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది. విండోస్ అదే అంకెను స్థానిక సమయమనుకుంటుంది. రెంటికీ తేడా సరిగ్గా మన 5 గంటల 30 నిమిషాలు. ముందే చెప్పి, అమరిక సరిచేస్తే ఒక ఫోన్ తగ్గుతుంది.

డబ్బుకు వెసులుబాటు ఉంటే ఇంకో సురక్షిత మార్గముంది. పాత హార్డ్‌డిస్క్‌ను అలాగే తీసి దాచి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి అందులో లినక్స్ ఎక్కించండి. యంత్రం వేగం పెరుగుతుంది, నచ్చకపోతే పాత డిస్క్ తిరిగి బిగిస్తే సరి.

ఎక్కించాక చేయాల్సినవి కొన్నే. భద్రతా నవీకరణలు వాటంతటవే జరిగేలా పెట్టాలి. తెలుగు టైపింగ్ అమర్చాలి. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, రోమన్ అక్షరాలతో కొట్టే పద్ధతులు లినక్స్‌లోనూ దొరుకుతాయి, వారి వేళ్ళకు అలవాటైనదే ఎంచుకోవాలి. ఫాంట్ల సంగతి కూడా చూడాలి. క్యాలిబ్రీకి కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ అక్షరం అక్షరం వెడల్పు సరిపోయేలా చేసిన ప్రత్యామ్నాయాలు. అవి ఉంటే ఇతరులు పంపిన ఇంగ్లీషు పత్రాల్లో పంక్తులు అంతగా చెదరవు. గౌతమి వంటి విండోస్ తెలుగు ఫాంట్ల బదులు స్వేచ్ఛగా దొరికే తెలుగు ఫాంట్లు వేయండి, పేజీల అమరిక కొంచెం మారుతుందని ముందే చెప్పండి.

చివరగా టైమ్‌షిఫ్ట్ వంటి సాధనంతో రోజూ వ్యవస్థ ప్రతిని దాచేలా పెట్టండి. మొదటి ప్రతి పూర్తి చోటు తీసుకుంటుంది, తరువాతివి మారిన ఫైళ్ళను మాత్రమే కొత్తగా దాస్తాయి. నవీకరణ వికటిస్తే నిన్నటి స్థితికి వెళ్ళిపోవచ్చు. అయితే ఇది వ్యవస్థ ఫైళ్ళకే. మామూలు అమరికలో సొంత ఫోటోలు, పత్రాలు ఇందులో చేరవు. వాటి బ్యాకప్ వేరు. ఈ తేడా మిత్రుడి చేత ఒకసారి చెప్పించుకోండి.

పరంజా ఎందుకు కడతాం?

ఇల్లు కట్టేటప్పుడు గోడకు పరంజా వేస్తాం. గోడ నిలబడ్డాక తీసేస్తాం. నేర్పడం గురించి మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో ఇదే పోలిక వాడారు. చెక్క ముక్కలతో ఆకారం పేరుస్తున్న చిన్నపిల్లలకు పెద్దవారు ఎలా సాయపడతారో వారు గమనించారు. మంచి సాయం పిల్లలు చేయలేని భాగాన్ని మాత్రమే అదుపులో ఉంచుతుంది, చేయగల భాగాన్ని వారికే వదిలేస్తుంది, నేర్పు పెరిగేకొద్దీ వెనక్కి తగ్గుతుంది.

కంప్యూటర్ల విషయంలో దీనికి దగ్గరి ప్రయోగమొకటి ఉంది. జాన్ క్యారల్, కెరొలిన్ కారిథర్స్ 1984లో ఒక పదసంస్కరణ సాఫ్ట్‌వేర్‌లో కొత్తవారు తరచూ ఇరుక్కునే సదుపాయాలను తాత్కాలికంగా మూసేసి ఇచ్చారు. పిల్లల సైకిలుకు పక్క చక్రాలు బిగించినట్టన్నమాట. పూర్తి సాఫ్ట్‌వేర్ వాడినవారి కంటే వీరు త్వరగా పని మొదలుపెట్టారు, తప్పుల్లో తక్కువ సమయం పోగొట్టుకున్నారు. క్యారల్ ఆ తరువాత మేరీ బెత్ రాసన్‌తో కలిసి 1987లో ఇంకో సంగతి చెప్పారు: వాడుకరులకు కంప్యూటర్ నేర్చుకోవడం మీద ఆసక్తి ఉండదు, తమ పని పూర్తికావడం మీదే ఉంటుంది. అందుకే పుస్తకం చదవకుండా నేరుగా పనిలోకి దూకుతారు.

ఈ రెంటి నుంచి మనకు దొరికే పాఠం సూటిగా ఉంది. మొదటి రోజు కమాండ్ లైన్, ఫైల్ వ్యవస్థ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తత్వం గురించి ఉపన్యాసం వద్దు. వారి జాబితాలోని పనులే పాఠాలు. వాటిలోంచి ఐదు నైపుణ్యాలు వస్తే చాలు:

1. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఒక అనువర్తనం వేసుకోవడం, తీసేయడం.
2. నవీకరణలు చేయడం, పాస్‌వర్డ్ ఎప్పుడు ఎందుకు అడుగుతుందో గుర్తించడం.
3. సొంత ఫైళ్ళు ఎక్కడ ఉన్నాయో తెలియడం, వాటిని బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీయడం.
4. ప్రింటర్, కొత్త వైఫై కలుపుకోవడం.
5. చెడిపోయినప్పుడు టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి వెళ్ళడం, లేదా మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకోవడం.

వీటిలో మొదటిది విండోస్ అలవాటుకు పూర్తిగా భిన్నం. అక్కడ ఏదో సైటు నుంచి ఫైలు దించుకుని ఎక్కించడం పరిపాటి. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ చాలావరకు పంపిణీదారుల భాండాగారం నుంచి డిజిటల్ సంతకంతో వస్తుంది. సంతకం కలవకపోతే వ్యవస్థ హెచ్చరించి ఆపుతుంది. "ముందు ఇక్కడ వెతుకు, దొరక్కపోతేనే బయట" అన్న ఒక్క నియమం ఎన్నో తలనొప్పులను ఆపుతుంది.

ఐదోది మాత్రం నిజంగా చేయించాలి. అంతా బాగున్నప్పుడే ఒకసారి వెనక్కి వెళ్ళి రమ్మనండి. వారం తరువాత, ఈసారి మీరు పక్కన లేకుండా, మళ్ళీ చేయమనండి. రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటే పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు వారం తరువాత ఎక్కువ నిలుపుకున్నారు. చూపిస్తే తెలిసినట్టు అనిపిస్తుంది, గుర్తుతెచ్చుకుని చేస్తేనే నిలుస్తుంది.

ఫోన్ వచ్చినప్పుడు

ఫోన్లు వస్తాయి, రావాలి కూడా. వాటికి ఒక పద్ధతి ముందే ఒప్పుకోండి. అడిగే ముందు మూడు సంగతులు వారే సిద్ధం చేసుకోవాలి: ఏం చేయబోయావు? తెర మీద ఏం వచ్చింది, దాని ఫోటో ఏది? నిన్నటికీ ఈరోజుకీ ఏం మారింది? ఈ మూడూ రాసేసరికే కొన్ని సమస్యలకు జవాబు దొరుకుతుంది. మిగిలినవాటికి మీ పని తేలికవుతుంది.

జవాబు చెప్పేటప్పుడు ఎలా కనిపెట్టారో కూడా చెప్పండి. "ఈ బొత్తాం నొక్కు" అనడంకన్నా "తెర మీద వచ్చిన ఈ వాక్యాన్ని డిస్ట్రిబ్యూషన్ పేరుతో కలిపి వెతికాను, ఈ పేజీలో దొరికింది" అంటే వచ్చేసారి వారే వెతుకుతారు. లాప్‌టాప్ సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచమనండి. ప్రతి సమస్యా, పరిష్కారమూ వారి మాటల్లో, వారి చేతిరాతలో అందులో చేరాలి. ఆరు నెలలకు అదే వారి సొంత మార్గదర్శి అవుతుంది. అత్యవసరం కానివాటికి వారంలో ఒక సమయం చెప్పండి. ఆ లోపు సగం సమస్యలు వారే పరిష్కరించుకుంటే అది మీ నిర్లక్ష్యం కాదు, వారి చదువు.

దూరం నుంచి తెర పంచుకుని సరిచేయడం సులువే. కానీ ఎప్పుడంటే అప్పుడు మీరు లోపలికి రాగలిగే ఏర్పాటు పెట్టవద్దు, వారి పాస్‌వర్డ్ మీరు దాచుకోవద్దు. తెర పంచుకోమని మాయమాటలు చెప్పి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మన దేశంలో ఎక్కువగానే జరుగుతున్నాయి. "ఎవరో ఒకరు దూరం నుంచి నా కంప్యూటర్ బాగుచేస్తారు" అనే అలవాటే ఆ మోసగాళ్ళకు తలుపు. మీ మిత్రుడు తానే మొదలుపెట్టి, తానే ముగించే సెషన్ మాత్రమే ఉండాలి.

ఎక్కడో దొరికిన కమాండ్‌ను అర్థం తెలియకుండా అతికించవద్దని కూడా గట్టిగా చెప్పాలి. చాట్‌బాట్ ఇచ్చినదైనా అంతే. పాస్‌వర్డ్ అడిగే కమాండ్‌కు వ్యవస్థ మొత్తం మీద అధికారం వస్తుంది. అది ఏం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పగలిగితేనే ఎంటర్ నొక్కాలి.

ఒక్కరి భుజం మీద కాకుండా

పెద్ద ఎత్తున ఇది సాధ్యమేనని కేరళ చూపించింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2000ల తొలి ఏళ్ళలో ఐటీ@స్కూల్ పేరుతో మొదలై, ఇప్పుడు కైట్ అనే సంస్థగా నడుస్తున్న కార్యక్రమం పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద సాగుతోంది. యంత్రాలన్నిటినీ రాజధాని నుంచి నిపుణులు వచ్చి బాగుచేయాలంటే అది ఎన్నడో ఆగిపోయేది. ఉపాధ్యాయులే శిక్షణ పొంది తోటి ఉపాధ్యాయులకు నేర్పారు. 2018లో మొదలైన లిటిల్ కైట్స్ క్లబ్బులతో విద్యార్థులు కూడా బడిలో సాంకేతిక పనుల్లో చేయందిస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ ఆపరేటింగ్ సిస్టంను తెలుగులోకి తెస్తూ, కళాశాలల్లో విద్యార్థి బృందాలతో ఇలాంటి పనే చేస్తోంది.

మీ స్థాయిలో దీని అర్థం, మొదటి మిత్రుడు రెండో మిత్రుడికి పెన్‌డ్రైవ్ తయారుచేసి ఇచ్చేలా చూడటం. తాను నేర్చుకున్నది మరొకరికి చెప్పినప్పుడు మిగిలిన సందేహాలు బయటపడతాయి. నలుగురికి ఒక వాట్సాప్ గుంపు ఉంటే, ప్రశ్న అందులో పడాలి, మీరు వెంటనే జవాబివ్వకుండా కొంచెం ఆగాలి. ఆ ఖాళీలోనే ఇంకొకరు జవాబు చెప్పడం మొదలుపెడతారు.

ఇంత చేసినా కొందరికి పొసగదు. రెండు నెలలు వాడి "నా పనికి కుదరట్లేదు" అంటే విండోస్‌కు తిరిగి వెళ్ళడానికి సాయపడండి. వారి ఫైళ్ళన్నీ భద్రంగా ఉండి, బ్యాకప్ తీయడం వారికి వచ్చి ఉంటే ఆ రెండు నెలలూ వృథా కాలేదు.

మార్పు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మూడు నెలలయ్యాక మీ మిత్రుడిని అడగండి: "చివరిసారి ఏదో చెడిపోయినప్పుడు ఏం చేశావు?" "నీకే ఫోన్ చేశానుగా" అంటే పరంజా ఇంకా తీయలేదని అర్థం, ఐదు నైపుణ్యాల్లో ఏది మిగిలిందో చూసి దాని మీద ఒక సాయంత్రం కూర్చోండి. "ముందు నోటుపుస్తకం చూశాను, తరువాత పాత కెర్నెల్‌తో మొదలుపెట్టాను, సరిపోయింది" అంటే ఇక ఆ యంత్రం నిజంగా వారిదే.